గూగుల్‌ని నమ్ముకోకుండా మన సైటు జనానికి చేరేదెలా?

మగ్గం వీధి, బరంపురం:
మా వీధి నేతగాళ్లం కొందరం కలిసి పట్టు చీరలకి వెబ్‌సైట్ పెట్టుకున్నాం. గూగుల్లో బరంపురం పట్టు అని కొడితే పెద్ద అమ్మకం సైట్లే ముందు వస్తున్నాయి, మాది ఎక్కడో అడుగున. అందుకే చీర మడతలో ఒక క్యూఆర్ కార్డు పెడదామనుకుంటున్నాం. స్కాన్ చేస్తే ఆ చీర ఎవరు నేశారో, కుంభం అంచు మగ్గం మీద ఎలా తేలుతుందో వీడియో వస్తుంది. ఏమంటారు?

గుడ్డల కొట్టు:
కార్డు దండగ బాబూ. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకోండి, పైసా ఖర్చుండదు.

గుణుపురం గుంటడు:
వాట్సాప్ ఒక్కటే సరిపోదు గురువుగారూ. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. ఇన్‌స్టాలో రీల్ పెట్టినా కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు, బయోలో పెట్టాలి. కార్డైతే చీర కొన్న మనిషి చేతిలోనే ఉంటుంది.

గుడ్డల కొట్టు:
కాగితం నలిగితే స్కాన్ అవుద్దా?

మగ్గం వీధి, బరంపురం:
అవుద్ది. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్లు కార్ల విడిభాగాల లెక్క కోసం చేసిన కోడ్ అది, మురికి పట్టినా చదవాలనే అలా చేశారు. కోడ్ తీసేటప్పుడు గట్టి రకం ఎంచుకుంటే దాంట్లో 30 శాతం వరకు చెడిపోయినా పనిచేస్తుంది.

పర్లాకిమిడి అక్క:
కార్డు మీద తెలుగు, ఒడియా రెండూ వేయించండి తమ్ముడూ. మీ బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్లకోసారే అయినా ఊళ్ల నుంచి జనం విరగబడతారు కదా, అప్పుడు ఒక మగ్గం బయట పెట్టి నేసి చూపించండి, పక్కనే పెద్ద కోడ్.

గుడ్డల కొట్టు:
నలిగింది సరే. తడిస్తే?

మగ్గం వీధి, బరంపురం:
తడిస్తే, చిరిగితే, కాలిపోతే... మీకు కార్డు మీద దిగులు కాదండీ. మేమిచ్చిన చీరల్లోంచి మా చీటీ పీకేసి తన స్టిక్కరు అంటించుకున్న షోరూమ్ ఒకటుంది. అంచు ఎక్కించడానికి మా అమ్మ రోజుల తరబడి వంగి కూర్చుంటే ఆ చీరకి నేసినోళ్ల పేరే లేదు. కార్డు వద్దనే ప్రతివాళ్లలో నాకు ఆ షోరూమే కనబడుతుంది.

గుడ్డల కొట్టు:
నన్ను వాళ్లతో కలపకు. పట్టు నూలుకి అడ్వాన్సు ఇచ్చేది మేము. పెళ్లిళ్ల సీజన్ దాటితే అమ్ముడుపోని సరుకు మురిగేది మా బీరువాలో. కొట్టు అద్దె నాది, కరెంటు బిల్లు నాది, నా దగ్గర చీర కొన్న ఆవిడ నీ కార్డు చూసి రెండో చీర నీ దగ్గరే తెప్పించుకుంటే నేనేం కావాలి? నా గిరాకీని నా చేత్తోనే నీకు పంపమంటావా?

పర్లాకిమిడి అక్క:
ఈ ముక్క మొదటే అనాల్సింది అన్నయ్యా.

గుణుపురం గుంటడు:
దానికి దారుంది. కొట్టుకొక వేరే లింకు పెట్టి కోడ్ తీయిస్తే ఏ ఆర్డరు ఎవరి కార్డు నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. ఆ లెక్కన కొట్టుకి కమీషన్ ఇవ్వండి.

మగ్గం వీధి, బరంపురం:
కమీషన్ ఇస్తాం. నేసినోళ్ల పేరు మాత్రం తీయం.

గుడ్డల కొట్టు:
పేరు ఉంచుకో, నాకేం అడ్డం లేదు. సైట్లో రేటు నా కొట్టు రేటు కన్నా తగ్గించనని రాసిస్తావా? అది తేలాకే కార్డు.