అమ్మానాన్నల కోసం మోటార్‌హోమ్: స్లైడ్‌లు, వారంటీ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

డాలస్‌కి కొత్తగా వచ్చిన సభ్యుడు:

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి హెచ్-1బీ మీద వచ్చి పది నెలలైంది. ఏప్రిల్‌లో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి షుగర్, అమ్మకి మోకాళ్ల నొప్పులు. కార్లో గంటలకొద్దీ కూర్చోలేరు, దారిలో బాత్రూమ్ కోసం వెతుక్కోవడం వాళ్లవల్ల కాదు. అందుకని నేనూ మా బావగారూ కలిసి కొత్త డీజిల్ పుషర్ (డీజిల్ ఇంజన్ వెనకవైపు ఉండే పెద్ద మోటార్‌హోమ్, అంటే చక్రాల మీద ఇల్లు) ఒకటి చూశాం. 40 అడుగుల పైనే ఉంది, నాలుగు స్లైడ్‌లు (బండి ఆగాక బటన్ నొక్కితే పెట్టెలా బయటికి జరిగి గదిని వెడల్పు చేసే భాగాలు). లోపల అడుగుపెడితే ఇల్లే. డీలర్ 20 ఏళ్ల లోన్ ఇప్పిస్తానన్నాడు, ఏడాదిపాటు అన్నిటికీ వారంటీ అన్నాడు. స్లైడ్‌లతో జాగ్రత్త అని ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు. శనివారం సంతకాలు. వాడినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

శాన్ ఆంటోనియో నుంచి:

తమ్ముడూ, శనివారం సంతకం పెట్టకండి. ఒక్క వారం ఆగండి. మీరు రాసింది చదువుతుంటే 2022లో నేనెలా ఉన్నానో గుర్తొచ్చింది. గుంటూరు నుంచి మా అమ్మానాన్న ఆరు నెలలకని వచ్చారు. వాళ్లకోసమే కొన్నాం. ఆ ఆరు నెలల్లో మా బండి మూడు విడతలుగా డీలర్ యార్డులో పడున్న రోజులు 143. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ రోజులు నాకు ఎవరూ తిరిగివ్వలేరు.

మొదటి ట్రిప్ గాల్వెస్టన్. అమ్మకి సముద్రం చూడాలని. రెండోరోజు సాయంత్రం మబ్బు పట్టింది, స్లైడ్ లోపలికి లాగుదామని బటన్ నొక్కాను. సోఫా, ఫ్రిజ్ ఉన్న పెద్ద స్లైడ్ అది. ఒక పక్క వచ్చింది, రెండో పక్క కదల్లేదు. కటకటమని చప్పుడు. వదిలేశాను. పైమూలలో నాలుగు వేళ్లు పట్టేంత సందు, అందులోంచి ఆకాశం కనిపిస్తోంది. రాత్రి వాన. ఉన్న తువ్వాళ్లన్నీ అయిపోయాక నాన్న తన పంచె మడిచి ఆ సందులో కుక్కారు. తెల్లారేసరికి పంచెంతా గోధుమరంగు మరక, లోపలి చెక్క నానిన రంగు. ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక పోలేదు. స్లైడ్ బయటికి ఉంటే బండి కదలదు కాబట్టి, మెకానిక్ వచ్చి చేత్తో లోపలికి నెట్టేదాకా రెండు రోజులు అక్కడే ఉన్నాం.

ఎందుకలా అయిందో తర్వాత తెలుసుకున్నాను. మా బండిలోది స్లైడ్‌కి రెండు పక్కలా గోడలోనే పళ్లపట్టీలు, ఒక్కో పక్కకి ఒక్కో చిన్న మోటారు ఉండే రకం. రెండు మోటార్లూ ఒకే అడుగులో నడవాలి. 12 వోల్ట్‌ల బ్యాటరీ నీరసంగా ఉన్నా, మధ్యలో బటన్ వదిలేసి మళ్లీ నొక్కుతున్నా, ఒకటి ముందూ ఒకటి వెనకా అయి పెట్టె ఏటవాలుగా ఇరుక్కుంటుంది. ఆ రకానికి బటన్‌ని చివరిదాకా, మోటార్లు రెండూ వాటంతటవే ఆగేదాకా నొక్కి పట్టుకోవాలి. అప్పుడే రెండూ మళ్లీ సమానమవుతాయి. డెలివరీ రోజు ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. హైడ్రాలిక్ రకం, కేబుల్ రకం వేరు, వాటి జబ్బులు వేరు. మీరు చూసినదానిలో నాలుగు స్లైడ్‌లూ ఒకే రకమో కాదో ముందు అడగండి.

ఇక వారంటీ. "అన్నిటికీ" అన్నది డీలర్ నోటిమాట. కాగితంలో చూస్తే ఇంజన్‌కి కమిన్స్ వాళ్లది, గేర్‌బాక్స్‌కి ఆలిసన్ వాళ్లది, ఛాసీకి (బండి కింది చట్రానికి) ఇంకొకరిది, ఫ్రిజ్‌కి వేరు, ఏసీకి వేరు. బండి కట్టిన కంపెనీ వారంటీ మిగతా ఇంటికి మాత్రమే. మా స్లైడ్ విషయంలో కంపెనీ మోటారు తయారుచేసినవాళ్ల మీద నెట్టింది, వాళ్లు బిగింపు సరిగా లేదన్నారు. మధ్యలో నేను ఎక్కే గుమ్మం దిగే గుమ్మం. ఈ బండ్లలో చాలావరకు తయారయ్యేది ఇండియానాలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల. ఇక్కడి డీలర్ ఫొటోలు తీసి అక్కడికి పంపాలి, వాళ్లు సరేననాలి, పార్ట్ రావాలి. పని నాలుగు గంటలే అయినా బండి మాత్రం వారాలకొద్దీ యార్డులో ఎండకి నిలబడుతుంది.

మొదటి విడత 61 రోజులు ఉంచుకుని, వర్క్ ఆర్డర్ మీద "సమస్య కనిపించలేదు" అని రాసిచ్చారు. నేను సంతకం పెట్టి తెచ్చుకున్నాను. అది నా తప్పు. ఆ ఒక్క మాటవల్ల రికార్డులో అసలు జబ్బే లేనట్టయింది. రెండోసారి నుంచి స్లైడ్ ఇరుక్కున్న వీడియో సర్వీస్ అడ్వైజర్‌కి ఈమెయిల్‌లో పంపి, నా మాటలే వర్క్ ఆర్డర్ మీద రాయించాను. బండి ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, మైళ్లు అన్నీ పడ్డాకే కాపీ తీసుకుని కదిలేవాణ్ని.

చివరికి పనికొచ్చింది ఆ కాగితాలే. టెక్సస్ లెమన్ లా, అంటే లోపాలున్న కొత్త వాహనం కొన్నవాళ్లని కాపాడే చట్టం, మోటార్‌హోమ్‌లకి కూడా వర్తిస్తుంది. మొదటి 24 నెలలు లేదా 24,000 మైళ్లలోపు, వారంటీలో ఉన్న లోపం వల్ల బండి మొత్తం 30 రోజులు లేదా అంతకుమించి షెడ్డులో ఉండిపోతే రాష్ట్ర మోటార్ వెహికల్స్ శాఖకి ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు 35 డాలర్లు. ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, బాగుచేసే అవకాశం ఇవ్వాలి. నేను సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. వారంటీ ముగియడం, 24 నెలలు, 24,000 మైళ్లు, వీటిలో ఏది ముందొస్తే అక్కణ్నుంచి ఆరు నెలల్లోపు ఫిర్యాదు పడాలి. నేను ఫిర్యాదు చేశాకే కంపెనీ దిగివచ్చి, బండిని ఫ్యాక్టరీకి తీసుకెళ్లి ఆ గోడ మొత్తం విప్పి కట్టింది. అప్పటికి అమ్మానాన్న గుంటూరు వెళ్లిపోయి ఎనిమిది వారాలు.

ఫ్రీమాంట్ నుంచి:

అన్నగారు చెప్పింది టెక్సస్ సంగతి. తమ్ముడూ, ఉద్యోగం మారి రాష్ట్రం మారితే చట్టం కూడా మారుతుందని గుర్తుపెట్టుకోండి. మా కాలిఫోర్నియాలో కొత్త వాహనానికిచ్చే రక్షణ మోటార్‌హోమ్ ఛాసీకి, బండిని నడిపించే భాగాలకి వస్తుంది. మనం పడుకునే, వండుకునే భాగం అందులోకి రాదు. దానికి మామూలు వస్తువుల వారంటీ నిబంధనలే. స్లైడ్ సరిగ్గా ఆ రెండోవైపే ఉంటుంది. 1975 నాటి ఫెడరల్ వారంటీ చట్టం, మాగ్నసన్-మాస్, అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది గానీ అది కోర్టు దారి.

ఇంకోమాట, అక్కలా చెబుతున్నా. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే మీకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో 20 ఏళ్ల లోన్ ఉన్న బండిని అమ్మడం ఎంత కష్టమో ఆలోచించండి. అందులోనూ బావగారితో సగం సగం.

డాలస్ సభ్యుడు:

అన్నగారూ, అక్కా, ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. పంచె సంగతి చదివి మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండు సందేహాలు. మేం వాడని వారాంతాల్లో అద్దెకిస్తే ఈఎంఐ కొంత గిట్టుబాటవుతుందని బావగారి ఆలోచన. సేల్స్ టాక్స్ లేని మోంటానాలో ఎల్ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి దాని పేరుమీద కొంటే టెక్సస్ 6.25 శాతం టాక్స్ మిగులుతుందని కూడా ఎవరో చెప్పారట. ఇవి సరైనవేనా?

శాన్ ఆంటోనియో నుంచి:

రెండూ వద్దు. వారంటీ పుస్తకంలో "వర్తించనివి" అన్న పేజీ తెరిపించి డీలర్ ముందే చదవండి. అద్దెకిచ్చిన బండికి, వ్యాపార సంస్థ పేరుమీదున్న బండికి, ఏడాది పొడుగునా కాపురమున్న బండికి వారంటీ చెల్లదని చాలా కంపెనీలు రాస్తాయి. టెక్సస్‌లో ఉంటూ టెక్సస్‌లో తిప్పుకునే బండికి ఇక్కడి టాక్స్ కట్టవలసిందే. దావా ఎక్కడ వేయాలి, ఎన్నాళ్లలోపు వేయాలి అన్న పేరా కూడా వెతకండి. కొన్నిటిలో ఇండియానా కోర్టులోనే వేయాలని ఉంటుంది.

లైసెన్స్ గురించి డీలర్ చెప్పాడా? బండి స్థూల బరువు 26,000 పౌండ్లు దాటితే టెక్సస్‌లో మామూలు క్లాస్ సీ లైసెన్స్ చాలదు, క్లాస్ బీ తీసుకోవాలి. మీరు చూసిన సైజు దాటే ఉంటుంది.

ఎప్పుడైనా కొంటే, డబ్బు కట్టకముందు మూడు నాలుగు గంటలు బండి దగ్గరే గడపండి. ఎన్ఆర్‌వీఐఏ (ఇలాంటి బండ్లని తనిఖీ చేసేవాళ్ల జాతీయ సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని మీ ఖర్చుతో తెచ్చుకోండి, డీలర్ మనిషి వద్దు. ప్రతి స్లైడ్‌నీ ఐదుసార్లు బయటికీ లోపలికీ నడిపించండి, అందులో ఒకసారి కరెంటు కనెక్షన్ లేకుండా బ్యాటరీ మీద. పెట్టె రెండు పక్కలా పైనా కిందా సందు స్కేలు పెట్టి కొలవండి. తర్వాత లోపల టార్చి వేయించి బయట చీకట్లో నిలబడి చూడండి. వెలుగు వచ్చేచోటికి నీళ్లూ వస్తాయి. స్లైడ్ కింది మూలల్లో నేలని బొటనవేలితో నొక్కండి. మెత్తగా అనిపిస్తే అక్కడ చెక్క నానిందని అర్థం, ఇక ఆ బండి జోలికి వెళ్లకండి.

డాలస్ సభ్యుడు:

శనివారం సంతకాలు మానేశాం. బావగారు కొంచెం నొచ్చుకున్నారు గానీ, మీ మెసేజ్‌లన్నీ చదివి వినిపించాక సరేనన్నారు. ఏప్రిల్ మొదట్లో పది రోజులకి అద్దె బండి చూస్తున్నాం. 25 అడుగులది, స్లైడ్‌లు లేనిది. ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు బ్లూబోనెట్ పూలు చూపించి, అక్కణ్నుంచి సముద్రానికి.

శాన్ ఆంటోనియో నుంచి:

చాలా సంతోషం. దారిలో మా ఇంట్లో ఒకరాత్రి ఆగండి, భోజనం మాతోనే. ఆ బండ్లకి మొదటి మెట్టు ఎత్తుగా ఉంటుంది, మీ అమ్మగారి మోకాళ్లకి కష్టం. పట్టుకోవడానికి పొడుగు పిడి ఉన్న మెట్టుపీట మా గరాజ్‌లో ఉంది, మా అమ్మ కోసం కొన్నది. వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.