పెళ్లిలో పిల్లలు తాగితే జరిమానా ఎవరి మీద వేయాలి?

మూసీ_ఒడ్డు:
మాది సూర్యాపేట దగ్గర పల్లె. పోయిన సీజన్‌లో ఒక బరాత్‌లో టెన్త్ చదివే పిల్లలు తాగి డీజే బండి ముందు పడిపోయారు, ఒకడికి ముక్కు పగిలింది. అప్పటినుంచి మహిళా సంఘం వాళ్లు ఊరుకోవడం లేదు. ఇప్పుడు గ్రామసభలో ఒక తీర్మానం పెట్టాలంటున్నారు. పెళ్లయినా బారసాలయినా దశదిన కర్మయినా సరే, మందు పెట్టే ఇంటివాళ్లు ఎక్సైజ్ వాళ్ల దగ్గర ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి, 21 ఏళ్లు నిండని వాడి చేతిలో గ్లాసు కనిపిస్తే ఆ ఇంటివాళ్లకు 25 వేలు జరిమానా. సగం ఊరు సరే అంటోంది, సగం ఊరు ఇది అన్యాయం అంటోంది. మీరేమంటారు?

పద్మక్క:
25 వేలు కాదు, లక్ష వేయండి. పెళ్లికి మందు ఖర్చే అంతకంటే ఎక్కువ పెడుతున్నారు.

లా_చదివినోడు:
ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఎక్సైజ్ నేరానికి జరిమానా వేసే అధికారం ఆ శాఖకు, కోర్టుకు ఉంటుంది, ఊరి పెద్దలకు ఉండదు. రేపు ఎవరైనా ఎదురు తిరిగితే తీర్మానం చెల్లదు. అయినా కొత్తగా తీర్మానం ఎందుకు? తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా 21 లోపు వాళ్లకు మద్యం అమ్మకూడదు. ఇక 18 నిండని పిల్లలకు మద్యం ఇస్తే 2015 జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 77 కింద 7 ఏళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష దాకా జరిమానా. అమ్మితేనే కాదు, ఊరికే ఇచ్చినా, ఇంకొకరి చేత ఇప్పించినా అంతే. డాక్టర్ రాసిస్తే తప్ప మినహాయింపు లేదు. పోసింది సొంత మేనమామ అయినా లెక్కలోకి వస్తాడు.

శ్రీను_హాల్:
నేను ఫంక్షన్ హాల్ నడుపుతాను కాబట్టి మాట్లాడే హక్కు నాకుంది. పర్మిట్ పెళ్లివాళ్ల పేరు మీద ఉంటుంది, మందు వాళ్లు వైన్స్‌లో కొనుక్కొస్తారు, పోసేది వాళ్ల మనిషి. మాది గోడలు, కుర్చీలు, కరెంటు. అయినా ఏదైనా జరిగితే పోలీసులు మొదట పిలిచేది హాల్ వాళ్లనే. రెండేళ్ల కింద ఒక పెళ్లిలో పర్మిట్ తీసుకోకుండా కారు డిక్కీలో కేసులకు కేసులు తెచ్చి పార్కింగ్‌లో పంచారు, గొడవైంది, కేసు హాల్ మీద కూడా రాశారు. పెళ్లివాళ్లు అప్పగింతలయ్యాక వెళ్లిపోయారు, నేను స్టేషన్ చుట్టూ తిరిగాను, అడ్వాన్స్ తిరిగిచ్చేదాకా వాళ్లు నా ఫోన్ కూడా ఎత్తలేదు. జరిమానా ఇంటివాళ్ల మీదే వేయాలి. హాల్ పేరు ఎత్తొద్దు.

పద్మక్క:
డిక్కీలో కేసులు తెస్తున్నప్పుడు మీ వాచ్‌మన్ గేటు దగ్గర లేడా శ్రీనుగారూ?

శ్రీను_హాల్:
ఉన్నాడు మేడమ్. పెళ్లికొడుకు బాబాయి కారు ఆపి డిక్కీ తెరవమనే ధైర్యం ఏడెనిమిది వేల జీతానికి పనిచేసే మనిషికి ఎక్కడుంటుంది?

తాటివనం:
ఈ 21 ఎవరు పెట్టారు? గోవాలో 18, కేరళలో 23, ఢిల్లీలో 25. ఓటు 18కే ఇస్తారు. పెళ్లి వయసు మగవాడికి 21, అంటే పెళ్లికొడుకు తాగొచ్చు, వాడి పక్కన కూర్చున్న 20 ఏళ్ల దోస్తు తాగితే ఇంటివాళ్లకు 25 వేలు. 20 ఏళ్లకు మా ఊళ్లో పిల్లలు ట్రాక్టర్ తోలి సంసారం నడుపుతున్నారు. టెన్త్ పిల్లల సంగతి వేరు, అది తప్పే. ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి.

లా_చదివినోడు:
18 నుంచి 21 మధ్య వాళ్ల విషయం ఎక్సైజ్ నిబంధన. 18 లోపు విషయం పిల్లల మీద జరిగే నేరం. రెండూ వేరు. తీర్మానం రాసేవాళ్లు ఇది చూసుకోవాలి, 21 అని ఒకే గీత గీస్తే అసలు పెద్ద నేరం చిన్నదైపోతుంది. ఇంకోసారి చెబుతున్నాను, జరిమానా మాత్రం చెల్లదు.

మూసీ_ఒడ్డు:
అన్నా, చెల్లదని ఇప్పటికి రెండుసార్లు చెప్పారు. బెల్టు షాపుల మీద కూడా ఊళ్లు తీర్మానాలు చేస్తున్నాయి కదా, కొన్నిచోట్ల నిజంగానే ఆగాయి. ఊరంతా ఒక మాట మీద ఉంటే కోర్టుదాకా పోయేదెవరు?

లా_చదివినోడు:
ఆ మాట వినని ఒక్క ఇల్లు చాలు తమ్ముడూ. అది పేదవాళ్ల ఇల్లయితే 25 వేలు వసూలు చేస్తారు, సర్పంచ్ బంధువుల ఇల్లయితే మాఫీ చేస్తారు. అందుకే అంటున్నాను.

కిరణ్_డల్లాస్:
మా టెక్సాస్ పద్ధతి చెబుతాను, పనికొస్తే తీసుకోండి. ఇక్కడా వయసు 21. తల్లిదండ్రులు కళ్లెదుట ఉండి సొంత పిల్లలకు ఇస్తే చట్టం ఒప్పుకుంటుంది. పరాయి పిల్లల సంగతి వేరు, 18 లోపు పిల్లలకు పోసిన తర్వాత ఏదైనా జరిగితే పోసిన పెద్దవాళ్ల మీద నష్టపరిహారం దావా వేయొచ్చు. చాలా హాళ్లలో సర్టిఫికెట్ ఉన్న బార్‌టెండర్ లేకుండా ఫంక్షన్‌కు ఒప్పుకోరు. గ్లాసు ఇచ్చేది ఆ మనిషే, బాటిల్ టేబుల్ మీదకు రాదు. మన తెలుగువాళ్ల ఫంక్షన్లలో కూడా అంతే.

తాటివనం:
చూశారా, అక్కడ సొంత పిల్లలకు ఇంట్లో ఇస్తే తప్పు లేదు. ఇక్కడ దసరాకు మా తాత మనవడికి రెండు గుక్కల ఈతకల్లు పోస్తే 7 ఏళ్లు జైలా?

పద్మక్క:
మీకు కావాల్సిన ముక్క ఒక్కటే ఏరుకున్నారు. పరాయి పిల్లలకు పోస్తే దావా వేయొచ్చని కూడా రాశాడు కదా ఆ అబ్బాయి.

తాటివనం:
మేం గీత కార్మికుల కుటుంబం మేడమ్. చెట్టెక్కి దింపిన కల్లు వేరు, వైన్స్‌లో దొరికేది వేరు. మా ఇంట్లో తరాలుగా పిల్లలు పండగపూట రుచి చూశారు, ఎవరూ తాగుబోతులు కాలేదు. మా వాళ్లు చెట్ల మీదినుంచి పడి నడుములు విరగ్గొట్టుకుంటే అడిగే దిక్కు లేదు, ఇప్పుడు మా ఆచారం మీద కేసులు పెడతారా?

రాంబాబు_ఖమ్మం:
అన్నా, చెట్టు కల్లు అయితే ఆ మాట వేరు. బస్తీల్లో అమ్మేది చెట్టు కల్లేనా? 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయారు. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతున్నారని ఎన్నిసార్లు పట్టుకోలేదు? పండగపూట ఇంటికి తెచ్చిన సీసాలో ఏముందో మీ తాతకు తెలుసా?

తాటివనం:
మా తాత దింపిన కల్లే తాగుతాడు. ఆయనకు తెలుసు.

నెల్లూరు_అమ్మాయి:
మా అమ్మమ్మది దూబగుంట దగ్గరి ఊరు. 1992లో సారా పాకెట్ల మీద ఆడవాళ్లు తిరగబడ్డారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో ఎన్టీఆర్ మొత్తం మద్యనిషేధం పెట్టారు. 1997లో ఎత్తేశారు. అమ్మమ్మ చెప్పేదేమిటంటే, దుకాణం ముందు నిలబడి పాకెట్లు నేలపాలు చేయడానికి పది ఊళ్ల ఆడవాళ్లు కలిసొచ్చారట, ఇంట్లో అన్నదమ్ములు తాగుతుంటే మాత్రం ఒంటరిగా ఎదురు చెప్పాల్సి వచ్చేదట. ఈ చర్చకు అది ముఖ్యమని నాకనిపిస్తోంది.

శ్రీను_హాల్:
చరిత్ర సరే. ఇక్కడ ప్రశ్న జరిమానా ఎవరి మీద అని. ఇంటివాళ్ల మీద. అంతే.

రాంబాబు_ఖమ్మం:
పల్లె పెళ్లిళ్ల మీదే పడుతున్నారు. 2025 అక్టోబరులో మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌లో ఇన్‌స్టాగ్రామ్‌లో పిలుపు ఇచ్చి పార్టీ పెట్టారు, పోలీసులు వెళ్తే మైనర్లు దొరికారు. అక్కడ స్థలం ఇచ్చినవాడినీ పార్టీ పెట్టినవాడినీ అడుగుతాం కదా, మరి ఫంక్షన్ హాల్‌ను ఎందుకు వదలాలి? 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో 3 ఏళ్ల జైలు, 25 వేల జరిమానా పెట్టారు. బండి ఇచ్చినవాడు బాధ్యుడైనప్పుడు హాల్ ఇచ్చినవాడు కాడా?

శ్రీను_హాల్:
ఆ ఫామ్‌హౌస్‌తో నన్ను పోలుస్తారా? బ్యాంకు అప్పు తీసుకుని హాల్ కట్టాను. ఏడాదిలో ముహూర్తాలు ఉండేదే నాలుగైదు నెలలు. మందు వద్దంటే పక్క హాల్‌కు పోతారు. మీరంతా నీతులు చెబుతున్నారు కానీ మీ ఇంట్లో పెళ్లికి మందు లేకుండా చేసిన వాళ్లు ఎంతమంది? చెయ్యెత్తండి.

పద్మక్క:
నేను చేశాను. మా అమ్మాయి పెళ్లి మందు లేకుండా చేశాను, మగపెళ్లివాళ్లు ఇప్పటికీ దెప్పుతారు. ఇక మీరు సమాధానం చెప్పండి. మీ హాల్లో ట్రేలు మోసే క్యాటరింగ్ పిల్లల వయసెంత?

శ్రీను_హాల్:
క్యాటరింగ్ కాంట్రాక్ట్ వేరేవాళ్లది.

పద్మక్క:
అదే అడుగుతున్నాను. నేను జూనియర్ కాలేజీలో చెబుతాను. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే ఫస్టియర్ క్లాసులో సగం బెంచీలు ఖాళీ. పూటకు నాలుగైదు వందలిస్తారని ఫంక్షన్లకు పోతారు. తెల్లచొక్కా, నల్లప్యాంటు, మెడలో బో వేసి 16 ఏళ్ల పిల్లాడి చేతికి ట్రే ఇస్తారు, ట్రేలో సోడా, ఐసు, పోసిన గ్లాసులు. రాత్రి పదకొండు దాటాక టేబుళ్ల మీద మిగిలిన సీసాలన్నీ వంటశాల వెనక్కి చేరతాయి, అడుగున మిగిలినవి వాళ్లే ఒక థమ్సప్ బాటిల్‌లోకి వంపుకుంటారు. పొద్దున క్లాసులో వాసన వస్తే అడిగితే ఒకడు చెప్పాడు, ‘మేడమ్, సూపర్‌వైజరే తాగేయమంటాడు, పారేస్తే ఎందుకని’ అని. అతిథుల పిల్లల గురించి ఇంత మాట్లాడుతున్నారు, ఈ పిల్లలు ఎవరికీ కనిపించలేదు.

లా_చదివినోడు:
దానికి అదే జువైనల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 78 ఉంది. మద్యం అమ్మడానికి, మోయడానికి, అందించడానికి 18 లోపు పిల్లలను వాడుకుంటే అదీ 7 ఏళ్ల దాకా శిక్ష పడే నేరం. ఇది క్యాటరర్ మీదకే కాదు, తెలిసి ఊరుకున్న వాళ్లకూ చుట్టుకునే అవకాశం ఉంది. తీర్మానంలో ఈ ఒక్క ముక్క రాసినా మేలు.

మూసీ_ఒడ్డు:
ఇది మేం అసలు ఆలోచించలేదు. రాసుకుంటున్నాను.

శ్రీను_హాల్:
మేడమ్, మీరు నన్ను దొంగలా నిలబెట్టి మాట్లాడుతున్నారు. నేను ఒకసారి అడ్డుకున్నాను. నూనూగు మీసాల పిల్లాడు, కౌంటర్ దగ్గర గ్లాసు పట్టుకుంటే లాక్కున్నాను. వాడి మేనమామ వచ్చి నలుగురిలో నా కాలర్ పట్టుకున్నాడు. ‘నా మేనల్లుడికి నేను పోస్తా, మధ్యలో నువ్వెవడివి’ అన్నాడు. వాడి తండ్రి పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. తల్లి దూరంగా కూర్చుని చూస్తోంది, ఒక్క మాట అనలేదు. కన్నవాళ్లకు లేని బాధ నాకెందుకు చెప్పండి.

పద్మక్క:
ఆమె ఎందుకు అనలేదో మీకు తెలియదు, నాకు తెలుసు. మా మరిది కూతురి పెళ్లిలో మా అబ్బాయికి 17. మొదటి బీరు పోసింది వాడి సొంత బాబాయి. నేను లేచి వద్దన్నాను. ‘వదినా, మగపిల్లాడన్నాక ఎప్పుడో ఒకప్పుడు తాగుతాడు, బయట ఎవడితోనో తాగే బదులు మా ముందు తాగనీ, ఆడవాళ్లు ఇటువైపు రాకండి’ అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన తల దించుకుని పలావు తింటున్నాడు. ఆ రాత్రి మా వాడు బండి తీశాడు. కాలు విరిగింది, ఇంటర్ ఒక ఏడాది పోయింది. ఆస్పత్రికి మరిది యాపిల్స్ తెచ్చాడు, క్షమాపణ మాత్రం ఈరోజు వరకూ లేదు. ఇప్పుడు చెప్పండి, అక్కడ సెక్షన్ 77 అని నేను కేసు పెడితే ఆ ఇంట్లో ఉండగలనా?

కిరణ్_డల్లాస్:
అక్కా, చదివి మనసు బాధపడింది. మీ అబ్బాయి ఇప్పుడు బాగున్నాడా?

పద్మక్క:
నడుస్తున్నాడు. బాగానే ఉన్నాడు.

తాటివనం:
మేడమ్, మీ బాబుకు జరిగింది తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ మీ మరిది అన్న మాటలో ఒక భాగం చాలా ఇళ్లలో నిజంగా నమ్ముతారు. చాటుగా బెల్టు షాపులో క్వార్టర్ కొనుక్కుని చెరువు గట్టున తాగే పిల్లాడి కంటే మా కళ్ల ముందు ఉన్నవాడు నయం అని. నేనూ నమ్ముతాను. మీరు కోరేది వేరు, ఇంట్లో పెద్దవాళ్లకు ఆ హక్కే లేదంటున్నారు. మన తగాదా అసలు అక్కడుంది.

పద్మక్క:
అవును, అదే అంటున్నాను. తండ్రి, మేనమామ, బాబాయి, ఎవరికీ లేదు. చాటుగా తాగేవాడు కనీసం తప్పు చేస్తున్నానని భయపడతాడు. మీరు పోస్తే వాడికి ఆ భయం కూడా ఉండదు. ఇంకోటి, మీరంతా ‘పెద్దవాళ్లు’ అంటున్నప్పుడు అందులో తల్లి ఎక్కడా లేదు. ఎంతసేపూ మేనమామ, బాబాయి, తాత. తల్లి వద్దంటే ఆగిపోయే ఇల్లు ఒక్కటి చూపించండి, జరిమానా వద్దని నేనే గ్రామసభకు ఉత్తరం రాస్తాను.

తాటివనం:
మా ఇంట్లో అమ్మ వద్దంటే పోయరు.

పద్మక్క:
ఎప్పుడైనా వద్దందా?

తాటివనం:
అనాల్సిన అవసరం రాలేదు.

రాంబాబు_ఖమ్మం:
శ్రీనన్నా, డల్లాస్ ఆయన చెప్పినట్టు బాటిల్ టేబుల్ మీదకు ఇవ్వకుండా ఒకే కౌంటర్ పెట్టి గ్లాసు లెక్కన పోస్తే మీకు కష్టమేంటి?

శ్రీను_హాల్:
కష్టం లేదు. కానీ కౌంటర్‌లో నా మనిషిని పెట్టను, మళ్లీ కాలర్ పట్టుకుంటారు. పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో ఆ ఇంటి మనిషే కూర్చోవాలి. బుకింగ్ కాగితంలోనే రాయిస్తాను. 18 లోపు పిల్లలను సర్వీసుకు తేకూడదని క్యాటరర్‌తో కూడా రాయించుకుంటాను.

పద్మక్క:
ఆ ఇంటి మనిషి ఆడమనిషి అయి ఉండాలని కూడా రాయించండి. పెళ్లికూతురి మేనత్తో, పెద్దమ్మో.

శ్రీను_హాల్:
మందు కౌంటర్‌లో ఆడవాళ్లను కూర్చోబెడతారా మేడమ్? ఏ ఇంట్లో ఒప్పుకుంటారు?

పద్మక్క:
ఒప్పుకోని ఇంటికి హాల్ ఇవ్వకండి.

శ్రీను_హాల్:
ఆ ఒక్కటీ నా వల్ల కాదు. మిగతావి చేస్తాను.

మూసీ_ఒడ్డు:
సోమవారం గ్రామసభ. 18 కింద, 21 కింద రెండూ వేరుగా రాస్తున్నాం, సర్వీసు పిల్లల సంగతి చేర్చాం. లా అన్న చెప్పాక జరిమానా బదులు ఎక్సైజ్ వాళ్లకు ఊరి తరఫున ఫిర్యాదు ఇవ్వాలని మార్చాం, దానికి మహిళా సంఘం వాళ్లు ఒప్పుకోవడం లేదు, డబ్బు కట్టిస్తేనే భయం ఉంటుందంటున్నారు. కల్లు సంగతి రాయాలా వద్దా అని ఇంకా కొట్లాట నడుస్తోంది.

తాటివనం:
కల్లు రాస్తే మా గీత సంఘం మొత్తం సభకు వస్తుంది, ముందే చెబుతున్నాను.

పద్మక్క:
రండి. ఇంట్లో ఆడవాళ్లను కూడా తీసుకురండి.