‘కట్టాకే’లో ఆ ‘ఏ’ ఉండాలా?

అరసున్న: ఐటీపీ (ఒంటి రక్షణవ్యవస్థే సొంత ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) రోగులకిచ్చే కరపత్రం తెలుగు చేస్తున్నా. ప్లిహం (స్ప్లీన్) తీసే ఆపరేషన్ గురించి ‘ధమని కట్టాకే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు’ అని రాస్తే, సరిచూసినాయన ‘ఏ’ కొట్టేశారు. ఇది చాలదన్నట్టు ‘గుల్మస్తు... పుంసి’ అని అమరం (అమరసింహుడి సంస్కృత నిఘంటువు) ముక్కొకటి పొద్దుట్నుంచీ నోట్లో నానుతోంది. పుంసి అంటే, అది మగవాళ్లకేనా?

తాళపత్రం: రామ రామ! ప్లీహశబ్దం పుంలింగమని. ‘అంత్రం పురీతద్గుల్మస్తు ప్లీహా పుంస్యథ వస్నసా’. పాదానికి ఎనిమిదేసి అక్షరాలు, లెక్కపెట్టుకోండి.

మత్తుడాక్టరు: ‘ఏ’ ఉండాల్సిందే. ప్రతిరక్షకాలు అంటుకున్న ప్లేట్‌లెట్లను ఎక్కువగా మింగేది ఆ అవయవమే. ముందే ఎక్కిస్తే ఇచ్చినవీ దాని పాలే. అందుకే సంచీ దగ్గర పెట్టుకుని, సర్జన్ ‘కట్టేశాను’ అనేదాకా ఆగుతాం. అప్పటికీ రక్తం కారుతుంటేనే ఇస్తాం. ఆపరేషన్‌కి ముందు సంఖ్య పెంచడానికి స్టెరాయిడ్లో, ఐవీఐజీయో (నరంలోకి ఎక్కించే ప్రతిరక్షకాల మందు) ఉన్నాయిగా.

కొమ్ముదీర్ఘం: డాక్టరుగారూ, అవధారణార్థకం (నొక్కిచెప్పే ఈ ‘ఏ’) అంత చవక కాదు. ‘కట్టాకే’ అంటే మరే సందర్భంలోనూ ముందివ్వరని అర్థం. తలలో రక్తస్రావమైతే?

మత్తుడాక్టరు: అప్పుడు ముడి కోసం ఎవరాగుతారండీ! వెంటనే ఎక్కిస్తాం.

కొమ్ముదీర్ఘం: మరి అదే నేనన్నది.

తాళపత్రం: ప్లీహానికి మారుపేరైన గుల్మాన్ని అందరూ వదిలేశారు. అమరంలోనే అది సేనాభాగం కూడా. 9 ఏనుగులు, 9 రథాలు, 27 గుర్రాలు, 45 మంది కాల్బలం. ఒంట్లో కావలిదండు అనే అమరసింహుడు ప్లీహాన్ని అలా అని ఉంటాడు. సొంత ప్లేట్‌లెట్ల మీద పడ్డ దండు! ఎంత ముందుచూపో మహానుభావుడికి.

కొమ్ముదీర్ఘం: మరీ అంత లేదు. పొద కూడా గుల్మమే, గుబురు అన్న అర్థమే అన్నింటికీ మూలం. పైగా ఆయుర్వేదంలో గుల్మం (కడుపులో గడ్డ) వేరు, ప్లీహోదరం (ప్లీహం ఉబ్బే జబ్బు) వేరు.

తాళపత్రం: ఆయుర్వేదం సంగతి నేనెత్తానా?

మత్తుడాక్టరు: మీ ‘ఏ’కి నాదొకటి. ఈ జబ్బుకి ప్లీహం తీయడం 1916లో ప్రాగ్‌లో మొదలైంది. కజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి చెప్తేనే చేశారు. ఈ ‘తేనే’ని మాత్రం కొట్టేయకండి.

అరసున్న: సరే, నా ‘ఏ’ ఉంచనా, తీయనా? ‘మామూలుగా కట్టాకే’ అంటే?

కొమ్ముదీర్ఘం: ‘మామూలుగా’ పక్కన ‘ఏ’నా? ఒకటి తలుపు తీస్తుంది, ఇంకోటి గడియ పెడుతుంది.

తాళపత్రం: అదలా ఉంచి, మొదటి పోస్టులో ‘ప్లిహం’ అని రాశారు. ముందా దీర్ఘం పెట్టండమ్మా.