ఆదివారం రేడియో షోలో బ్రాడ్వే పాటలు: మొదటి భాగం ఏమైపోతోంది?

ప్రశ్న: న్యూయార్క్‌లోని బ్రాడ్వే సంగీత నాటకాల పాటలు వేసే ఈ వారపు షోని అస్సలు వదలను. ఒక్కో పాటని ముందు నాటక బృందం గొంతులో, తర్వాత పేరున్న గాయకుల రికార్డులో వేస్తారు. నాటకంలో పల్లవికి ముందు మాటల్లా సాగే భాగం ఉంటుంది, రికార్డులో చాలాసార్లు ఉండదు. ఎందుకండీ?

జవాబు 1: దాన్ని వర్స్ అంటారండీ. సంభాషణలోంచి పాటలోకి పాత్రని నడిపించేది అదే. అసలు పాట సాధారణంగా 32 బార్లు (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది), ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే, అందుకే వర్స్‌కి కోత పడేది. డ్యాన్స్ బ్యాండ్లకీ దానితో పని లేదు.

జవాబు 2: నాకైతే అది పోతే ప్రాణం ఉసూరుమంటుంది. 'మై ఫన్నీ వాలెంటైన్' 1937లో 'బేబ్స్ ఇన్ ఆర్మ్స్' అనే బ్రాడ్వే నాటకం కోసం రాసింది. ఆ కథలో ఒకమ్మాయి ఈ పాట పాడే అబ్బాయి పేరే వాలెంటైన్! వర్స్‌తో వింటే ఆ అమ్మాయి చనువు, చిలిపితనం ఎంత బాగా తెలుస్తాయో. అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ సాంగ్ బుక్ ఆల్బమ్‌లు వినండి, చాలా పాటల్లో వర్స్ పాడారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, ఈ రాత్రే వింటాను.