విపత్తులో ముఖ్యమంత్రి ఎక్కడ ఉండాలి: ముంపు వీధిలోనా, కంట్రోల్ రూంలోనా?

గట్టుమీద:
ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైన గొడవ ఇది. అక్కడ తేలక ఇక్కడికి తెచ్చా, పోల్ కూడా పెట్టా.

2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు. అప్పటి ముఖ్యమంత్రి జగన్ ముందు హెలికాప్టర్‌లోంచి చూశారు, లంక గ్రామాలకి మాత్రం మరో పదిరోజులకి వెళ్లారు. దానికి ఆయన చెప్పిన కారణం గుర్తుందా? తను వెంటనే వస్తే అధికారులంతా తన చుట్టూనే తిరుగుతారని, అందుకే కలెక్టర్లకి డబ్బిచ్చి, వారం టైమిచ్చి, సాయం అందిందో లేదో జనాన్నే అడుగుదామని ఆగి వచ్చానని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు బెజవాడని ముంచినప్పుడు చంద్రబాబు సరిగ్గా దీనికి ఉల్టా చేశారు. ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్‌నే సచివాలయం చేసుకుని వారం దాటి అక్కడే ఉన్నారు. పడవల్లో తిరిగారు, జేసీబీ ఎక్కి తిరిగారు.

నాకు మొదటి పద్ధతే సరైందనిపిస్తుంది. పార్టీ అభిమానం అనకండి, నా ఓటు ఎవరికో మా ఆవిడకే తెలీదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం జిల్లా బాధ్యతని కలెక్టర్ చేతిలో పెట్టింది. ముఖ్యమంత్రే కలెక్టరేట్‌లో కూర్చుంటే ఇక కలెక్టర్ ఎక్కడ కూర్చోవాలి? పైన నలుగురు మంత్రులు, పదిమంది సీనియర్లు చేరాక ఆయనకి మిగిలేది బ్రీఫింగులే కదా.

వైజాగ్‌గాలి:
గట్టుమీద గారూ, పేరు మీకు భలే కుదిరింది. గట్టు మీంచి చూస్తే అలాగే కనిపిస్తుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ మా ఊరి మీదుగానే తీరం దాటింది. మర్నాడు పొద్దున్న చూస్తే కైలాసగిరి గుండు కొట్టించుకున్నట్టుంది. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. ఫోన్లు లేవు, కరెంటు లేదు, కరెంటు లేదు కాబట్టి ట్యాంకులోకి నీళ్లు ఎక్కవు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు వచ్చి ఇక్కడే మకాం పెట్టారు, బస్సులోనే పడుకున్నారు. ఆ బస్సు ఫొటోలని తర్వాత ఎన్నికలదాకా వాడుకున్నారు కూడా, కాదనను.

కానీ నేను మా వీధి చివర కళ్లారా చూసింది ఒకటి చెప్తా. ఒక చింతచెట్టు కరెంటు తీగల మీద పడి ఉంది. తీగలు తీస్తే గాని చెట్టు కొట్టలేం అని కార్పొరేషన్ వాళ్లు, చెట్టు తీస్తే గాని తీగల జోలికి రాం అని కరెంటు వాళ్లు. ఒకటిన్నర రోజు అలాగే గడిచింది. రెండు డిపార్టుమెంట్లనీ ఒకే గదిలో నిలబెట్టి, ఈ చెట్టు సంగతేంటని అడగాలంటే ఇద్దరికీ పైవాడు కావాలి. ఊరు మొత్తం మీద అలాంటి చెట్లు వేలల్లో ఉన్నాయి. కలెక్టర్ మాట పక్క జిల్లా కరెంటు గ్యాంగులు వింటాయా? స్తంభాలూ మనుషులూ వచ్చిందంతా బయటి నుంచే.

పాతఫైలు:
ముప్ఫై మూడేళ్లు రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. పేర్లూ ఊళ్లూ వద్దు గాని, ఒక రాత్రి సంగతి వినండి.

వరద ఇంకా తీయలేదు. రాత్రి పదకొండింటికి కబురు, రేపు పెద్దాయన వస్తున్నారు, తెల్లారేసరికి హెలిప్యాడ్ రెడీ కావాలని. ఊళ్లో కాస్త మెరక అంటే హైస్కూలు గ్రౌండు ఒక్కటే. పునరావాస కేంద్రం నడుస్తున్నదీ అందులోనే. నాలుగొందల మందికి వండుతున్న గాడిపొయ్యిలు ఆర్పించి, వెనక్కి జరిపించి, సున్నంతో వృత్తం గీయించాం. నేలంతా చిత్తడి. అయినా చెక్‌లిస్టులో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించారా అని ఉంది, అవునని టిక్కు పెట్టాను. ఫైరింజన్ హెలిప్యాడ్ దగ్గర నిలబడాలి, అది రూలు. ఆ బండి ఆ పూట ఒక ఆస్పత్రి సెల్లార్లో నీళ్లు తోడాల్సింది. పెద్దాయన నలభై నిమిషాలున్నారు. ఆ పొయ్యిలు మళ్లీ వెలిగేసరికి మధ్యాహ్నం రెండున్నర.

కాబట్టి గట్టుమీద బాబు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. అయితే వచ్చి వెళ్లడం వేరు, వచ్చి ఉండిపోవడం వేరు. పనికి ఎక్కువ చెరుపు మొదటిదే. ఉండిపోయేవాడికి రెండో రోజు నుంచి ఎవరూ సున్నం వేయరు.

సింగ్‌నగర్ మూడోలైను:
నేను బెజవాడ ముంపులో ఉన్నదాన్ని, నా మాట కూడా వినండి.

మాది కింద పోర్షన్, అద్దె. పైన ఓనర్లు. నీళ్లు కిటికీ ఊచల దాకా వచ్చేసరికి పైకెళ్లిపోయాం. పదకొండుమందిమి, ఒక బాత్‌రూమ్. కరెంటు లేదు, సెల్లు రెండో రోజుకే ఆగిపోయింది. డ్రోన్ వచ్చి వేసిన ప్యాకెట్ సన్‌షేడ్ మీద పడితే పక్కింటి అబ్బాయి పాకుతూ వెళ్లి తెచ్చాడు: రెండు వాటర్ బాటిళ్లు, బిస్కెట్లు. పడవలు మెయిన్ రోడ్డులో తిరుగుతున్నాయని మోత వినిపించేది గాని లోపలి లైన్లలోకి రాలేదు. ప్రైవేటు పడవ వాడు బయటకి దించడానికి మనిషికింత అని అడిగాడు.

ముఖ్యమంత్రి మా ఏరియాకి వచ్చిన రోజు మెయిన్ రోడ్డులో ట్రాక్టర్లు కనిపించాయి. మర్నాడు మా లైనులోకీ పాలు, పులిహోర పొట్లాలు వచ్చాయి. ఆయన రాకపోయినా వచ్చేవా? చెప్పలేను. మా ఓనరుగారు మాత్రం వచ్చేవి కావంటారు. నీళ్లు తీశాక ఫైరింజన్లు పెట్టి ఇళ్లు కడిగించారు, అది మాత్రం నా జన్మలో మొదటిసారి చూశా. కింద మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అన్నారు. నా ఖాతాలో పేరు స్పెల్లింగ్ తేడా అని డబ్బు పడటానికి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. అప్పటికి ముఖ్యమంత్రీ లేరు, టీవీ వాళ్లూ లేరు.

లంకమేత:
అక్కా, మీ బాధ అర్థమైంది. మాది కోనసీమ లంక, 2022లో మేమూ మునిగాం. ముఖ్యమంత్రి రాకముందే వాలంటీరు కుర్రాడు నాటు పడవలో బియ్యం, కందిపప్పు తెచ్చిచ్చాడు, కుటుంబానికి 2 వేలు ఇచ్చారు. మా వీధిలో ఎవరు ముసలివాళ్లు, ఎవరు బాలింత అన్నది వాడికి నోటికి తెలుసు. బెజవాడ వరద నాటికి ఆ వ్యవస్థని ఆపేశారు. ముఖ్యమంత్రి పడవెక్కాల్సి వచ్చింది అందుకేనని నా అభిప్రాయం. కింద మనిషి లేకపోతే పైమనిషి దిగాలి మరి.

వైజాగ్‌గాలి:
అంత బాగుంటే 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ వాలంటీర్లు ఏమయ్యారండీ? చెయ్యేరు ఒడ్డున మందపల్లి, పులపత్తూరు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రే రాజ్యసభలో చెప్పారు. అక్కడికి ముఖ్యమంత్రి వెళ్లింది రెండు వారాలకి. అదీ అధికారులకి టైమివ్వడమేనా?

లంకమేత:
అది తప్పే. దాన్ని వెనకేసుకు రావట్లేదు.

మోడరేటర్:
ఇక్కడ రెండు పార్టీల అభిమానుల పోస్టులు ఐదు తీసేశాను. బుడమేరు మీది వెలగలేరు గేట్లు, కృష్ణ కరకట్ట మీద చంద్రబాబు ఉండే ఇంటి కోసం ఎత్తారని ప్రతిపక్షం ఆరోపించింది, ప్రభుత్వం కాదంది. పాత ప్రభుత్వం బుడమేరు పనులు పట్టించుకోలేదని వీళ్లు, మీ నిర్లక్ష్యమేనని వాళ్లు. అది వేరే థ్రెడ్‌లో తిట్టుకోండి.

కృష్ణలంక:
అందరూ వచ్చినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, మా గోడ గురించి ఎవరూ మాట్లాడరేం?

బుడమేరు ముంచిన ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షల రికార్డు కూడా దాటేసింది. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్న వీడియోలు అందరూ చూసే ఉంటారు. ఇదివరకైతే అందులో సగం వరదకే మా కృష్ణలంక ఖాళీ చేసి సామాన్లు రోడ్డు మీద పెట్టుకునేవాళ్లం. ఈసారి రిటైనింగ్ వాల్ అవతల ఏరు నిండుగా పోతుంటే మా అమ్మ డాబా మీద వడియాల గుడ్డ తడిసిందని గొడవ చేస్తోంది. ఇప్పుడు ఆ గోడ మేం కట్టాం అంటే మేం కట్టాం అని రెండు పార్టీలూ. దశలవారీగా ఇద్దరి హయాంలోనూ కట్టారు, ఇద్దరికీ దండం.

ఏరు ఇటు పక్క మేం పొడిగా ఉంటే, ఊరి అటు పక్క సింగ్‌నగర్ నడుంలోతు నీళ్లలో. బుడమేరు డైవర్షన్ ఛానల్ నీళ్లు కృష్ణలోనే కలవాలి. కృష్ణే నిండుగా ఉంటే అవి ఎగదన్నుతాయి. పైన కొండల్లో కుంభవృష్టి, కట్టకి మూడుచోట్ల గండ్లు. గండ్లు పూడ్చేవరకు జలవనరుల మంత్రి రామానాయుడు ఆ కట్ట మీదే ఉన్నారు, ఆర్మీని కూడా దించాల్సి వచ్చింది. మంచిదే. కానీ ఇదే బుడమేరు 2005లోనూ ముంచింది. పందొమ్మిదేళ్లలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్కపెట్టుకోండి. పొడి రోజుల్లో కట్ట మీద మకాం వేసిన ముఖ్యమంత్రి ఒక్కరుంటే చెప్పండి.

మున్నేటిగట్టు:
అదే 2024 సెప్టెంబరు 1, ఆదివారం మా ఖమ్మంలో మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ బండేసుకుని నీళ్లలోకి వెళ్లి వాళ్లని తెచ్చాడు. మర్నాడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చారు, ఆయన వచ్చాక ఏమిచ్చారు, ఏం చేశారు అని అందరూ వాదించుకున్నారు. నా ప్రశ్న ఒక్కటే. ఆ బ్రిడ్జి మీదకి ముందురోజు రాత్రే మనిషిని వెళ్లనివ్వకూడదని ఎవరు చెప్పాలి?

పాతఫైలు:
మంచి ప్రశ్న వేశావు బాబూ. నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే, హెలిప్యాడ్ కథలో పడి మర్చిపోయా.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. నేనప్పుడు కాలేజీలో ఉన్నా. శవాలు ఎత్తడానికి వెళ్లినవాళ్లలో మా అన్నయ్య ఒకడు, ఆ తర్వాత చాన్నాళ్లు అన్నం ముందు కూర్చోలేకపోయాడు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేసింది అప్పుడే. 1990 మేలో దాదాపు అంతటి తుపాను అదే తీరానికి వచ్చింది. పోయినవాళ్లు 967 మంది. తక్కువేం కాదు, కానీ పదోవంతు. ఈ మధ్యలో కట్టిన తుపాను షెల్టర్లు, రాడార్లు, ముందే లక్షల మందిని ఖాళీ చేయించడం, ఇవే కారణం. ఆ ఏడాది ముఖ్యమంత్రి చెన్నారెడ్డిగారు ఏ ఊళ్లో పడుకున్నారని నన్ను ఎవరూ అడగలేదు. 1996 నవంబరు 6న కోనసీమ తుపానుకి మళ్లీ వెయ్యి దాటింది. సముద్రంలో వేటకెళ్లినవాళ్లకి కబురు అందలేదు.

ఒడిశా చూడండి. 1999 సూపర్ సైక్లోన్‌లో పదివేల దాకా పోయారు, ముఖ్యమంత్రి పదవీ పోయింది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోపే పది లక్షల మందిని తరలించారు. పోయినవాళ్లు పదుల్లో. నవీన్ పట్నాయక్ ఫొటో ఎక్కడ దిగారో మీకెవరికైనా గుర్తుందా?

వైజాగ్‌గాలి:
పెద్దాయనా, తుపాను నాలుగు రోజుల ముందు చెప్పి వస్తుంది. బుడమేరు చెప్పి రాలేదు కదా.

కృష్ణలంక:
మాకు చెప్పలేదు గాని, వెలగలేరులో తెలిసింది. అక్కణ్ణించి ఊళ్లోకి రావడానికి నీళ్లకి కూడా టైం పడుతుంది.

గట్టుమీద:
నేను కొంచెం దిగి వస్తున్నా. వైజాగ్‌గాలి గారి చింతచెట్టు నన్ను ఇరికించింది. ఊళ్లో ఏదీ పనిచేయనప్పుడు పైవాడు వచ్చి కూర్చోవడంలో అర్థముంది. అయితే ఒకటి గమనించారా? 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు అదే చంద్రబాబు సచివాలయంలో ఆర్టీజీఎస్ (రియల్ టైం గవర్నెన్స్ సొసైటీ) కంట్రోల్ రూంలో కూర్చున్నారు, తీరం దాటాక మర్నాడు కోనసీమ వెళ్లారు. అంటే ఆయన కూడా ప్రతిసారీ పడవే ఎక్కాలనుకోవట్లేదు. మన పోల్‌లో మాత్రం ‘వీధిలో ఉండాలి’కి 61, ‘కంట్రోల్ రూం’కి 34. జనానికి మనిషి కనిపించాలి. నేను ఓడిపోయా, కానీ ఒప్పుకోను.

సింగ్‌నగర్ అక్కా, మీరు దేనికి వేశారు?

సింగ్‌నగర్ మూడోలైను:
వేయలేదు తమ్ముడూ. నేను వేద్దామనుకున్నది అందులో లేదు.

పాతఫైలు:
అమ్మా, ఒకటి అడగనా? నీళ్లొస్తున్నాయని మీకు మొదట ఎవరు చెప్పారు? మైకు ఆటో తిరిగిందా?

సింగ్‌నగర్ మూడోలైను:
మా లైనులో అయితే తిరగలేదండీ. పాలబ్బాయి చెప్పాడు. సైకిల్ తొక్కలేక నడిపించుకుంటూ వచ్చాడు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఆంటీ, సామాన్లు మంచం మీద పెట్టుకోండి అన్నాడు. మంచం మీద పెట్టాం. మంచం కూడా మునిగింది.