పుటీలో కీ తిరస్కరణ, ఊరుకుంటే తెగిపోయే సెషన్

నల్లతెర:
దూరంలో ఉన్న సర్వర్‌లోకి లాగిన్ కావడానికి విండోస్‌లో పుటీ 0.73 అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను. ఆర్‌ఎస్‌ఏ కీతో (పాస్‌వర్డ్ బదులు వాడే కీ ఫైల్) ఉబుంటు 22.04 సర్వర్‌కి వెళ్తే ‘సర్వర్ రెఫ్యూజ్డ్ అవర్ కీ’ అని వస్తోంది. అదే కీతో 20.04లోకి వెళ్లగలుగుతున్నాను. పాస్‌వర్డ్‌తో వెళ్లినా, కాసేపు ఏమీ టైప్ చేయకపోతే సెషన్ తెగిపోతోంది. ఏం చూడాలి?

పోర్ట్22:
కీ బాగానే ఉందండి, పుటీయే పాతది. లాగిన్ అయ్యేటప్పుడు కీతో ఒక డిజిటల్ సంతకం చేసి పంపుతుంది. ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత పద్ధతితో చేసిన ఆర్‌ఎస్‌ఏ సంతకాన్ని, 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లో లాగిన్లు చూసే ప్రోగ్రామ్) 8.8 నుంచి సర్వర్ మామూలుగా ఒప్పుకోదు. 22.04లో ఉన్నది 8.9, 20.04లో 8.2. పుటీకి కొత్త పద్ధతి ఎస్‌హెచ్‌ఏ-2 సంతకాలు వచ్చింది 0.75తో. అందుకని కొత్త పుటీ వేసుకోండి, కీలను తెరిచి ఉంచి పుటీకి అందించే పేజెంట్ వాడుతుంటే దాన్నీ మార్చండి. వెనకాల పాత పేజెంట్ నడుస్తుంటే పుటీ కొత్తదైనా అదే తిరస్కరణ వస్తుంది. సర్వర్‌లో పాత సంతకాన్ని మళ్లీ అనుమతించమని ఎవరైనా చెబితే వినకండి, ఒక్కరి కోసం అందరికీ తలుపు తీసినట్టవుతుంది.

లాగ్‌చూడు:
ముందు సర్వర్‌లో ఆథ్ లాగ్ (లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఫైల్) తెరవండి. ‘కీ టైప్ ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ నాట్ ఇన్...’ అని ఉంటే పైన చెప్పిందే కారణం. ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని ఉంటే మాత్రం అది పర్మిషన్ల గొడవ: డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600 ఇవ్వండి (రెండూ యజమానికి మాత్రమే హక్కు ఇచ్చే అంకెలు), హోమ్ ఫోల్డర్‌లో గ్రూప్‌కి రాసే హక్కు తీసేయండి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు.

పోర్ట్22:
ఎవరి దగ్గరైనా 521 బిట్ల ఈసీడీఎస్‌ఏ అనే ఇంకో రకం కీ ఉంటే ఇంకో పని ఉంది. పుటీ 0.68 నుంచి 0.80 వరకు ఆ కీతో చేసిన సంతకాలు సుమారు 60 దొరికితే ప్రైవేట్ కీని లెక్కకట్టి బయటికి తీయవచ్చు. 2024లో 0.81తో సరిచేశారు. కానీ అప్పటికే వాడిన కీకి అప్‌డేట్ రక్షణ ఇవ్వదు. దాన్ని అన్ని సర్వర్లలోంచీ తీసేసి, కీలు తయారుచేసే పుటీజెన్‌లో ఈడీ25519 రకం కీ చేసుకోండి.

తీగ_60:
సెషన్ తెగడం సంగతి. మధ్యలో ఉన్న రౌటరో ఫైర్‌వాలో కదలిక లేని కనెక్షన్‌ని తన పట్టికలోంచి తీసేస్తుంది. పుటీలో సెషన్‌ని లోడ్ చేసి, కనెక్షన్ పేజీలో ‘సెకండ్స్ బిట్వీన్ కీపలైవ్స్’ (కనెక్షన్‌ని బతికించడానికి పంపే చిన్న ప్యాకెట్ల మధ్య సెకన్లు) దగ్గర 0 తీసి 60 పెట్టండి. తర్వాత సెషన్ పేజీకి తిరిగి వచ్చి సేవ్ నొక్కాలి. నేరుగా ఓపెన్ నొక్కితే ఆ మార్పు ఆ ఒక్కసారికే. కింద ఉన్న టీసీపీ కీపలైవ్స్ టిక్కు ఇక్కడ పనికిరాదు, విండోస్‌లో దాని మొదటి ప్యాకెట్ 2 గంటలకు గానీ వెళ్లదు.

లాగ్‌చూడు:
తెగేముందు ‘టైమ్డ్ ఔట్ వెయిటింగ్ ఫర్ ఇన్‌పుట్: ఆటో-లాగౌట్’ అని కనిపిస్తే తప్పు నెట్‌వర్క్‌ది కాదు. సర్వర్‌లో కమాండ్లు తీసుకునే బ్యాష్‌లో టీఎమ్‌ఔట్ (ఖాళీగా ఉంటే బయటికి పంపే గడువు) పెట్టి ఉంటారు, దానికి కీపలైవ్ లెక్కలోకి రాదు, అడ్మిన్‌ని అడగాల్సిందే. గంటలు పట్టే పనులైతే ఎలాగూ, సెషన్‌ని సర్వర్‌లోనే నడుపుతూ ఉంచే టీమక్స్‌లోనే మొదలుపెట్టండి. లైన్ పోయినా పని ఆగదు, మళ్లీ వచ్చి ‘టీమక్స్ అటాచ్’ కొడితే చాలు.