స్కాన్ చేశాక పాత ఫైళ్లు ఉంచాలా, తుక్కుకి వేయాలా?

తుమ్ముల_రామయ్య
మా యూనివర్సిటీలో (పేరు అడగొద్దు) రికార్డు రూమ్ ఖాళీ చేసి కంప్యూటర్ ల్యాబ్ పెడతారట. పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించి కాగితాలు తుక్కుకి వేద్దామని కమిటీ రాసింది. నేనైతే సరే అంటున్నా. ఆ గదిలో కాలు పెడితే తుమ్ములే, బీరువా మీద సిండికేట్ (యూనివర్సిటీ పాలక మండలి) సమావేశాల మినిట్స్ కట్టలు, కింద మార్కుల రిజిస్టర్లు, మొన్న వానకి కప్పు కారి ఒక వరసంతా తడిసిన అప్పడాల్లా అతుక్కుపోయింది. ఇలా కుళ్లబెట్టేకన్నా పీడీఎఫ్ నయం కదా?

తార్నాక_బస్సు
స్కాన్ వద్దని ఎవరన్నారు తమ్ముడూ, గొడవంతా తర్వాత పారేయడం దగ్గరే. ఉస్మానియానే తీసుకో. 1918లో ఉర్దూ మీడియంతో మొదలైంది, పాఠ్యపుస్తకాల తర్జుమాకి 1917లోనే ఒక విభాగం పెట్టారు, 1948 దాకా చదువు ఉర్దూలోనే. అలాంటి చోట చేతిరాత ఉర్దూ ఫైలు స్కానింగ్ కుర్రాడి చేతికొస్తే, వాడికి ఉర్దూ రాకపోతే, ‘స్కాన్ 0047’ అని పేరు పెట్టి ముందుకెళ్తాడు. కాగితం పోయింది, 0047లో ఏముందో తెలిసినవాడు లేడు. ఇంకేం మిగిలింది?

రిటైర్డ్_సూపరింటెండెంట్
అన్నీ దాచాలనడం కూడా తప్పే బాబూ. కలెక్టరాఫీసుల్లో ఫైలు ముగించేటప్పుడే ఆర్.డిస్. అంటే శాశ్వతం, డి.డిస్. అంటే పదేళ్లు, ఎల్.డిస్. అంటే ఏడాది అని వేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. నేను పనిచేసిన చోట క్లర్కులు రేపు ఎవరైనా అడుగుతారేమోనన్న భయంతో ఫ్యాను రిపేరు బిల్లుకి కూడా ఆర్.డిస్. కొట్టేవారు. ఒక కాలేజీకి అనుమతి ఎందుకిచ్చారో చెప్పే ఫైలు ఆ ఫ్యాను బిల్లుల కింద పడి నలిగిపోయింది. వెతకడానికి నాకు మూడు రోజులు పట్టింది, దొరికాక చూస్తే నోట్ ఫైలు (క్లర్కులు, ఆఫీసర్లు తమ అభిప్రాయాలు రాసే కాగితాలు) మార్జిన్‌లో ఎర్ర పెన్సిలుతో ‘మాట్లాడండి’ అని ఒక్క మాట. అసలు ఫైలు ఎక్కడ ఆగిందో చెప్పేది అదే. తర్వాత బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేశారు, పెన్సిలు గీత రాలేదు, ఆఫీసరు ఆకుపచ్చ ఇంకూ క్లర్కు నీలం ఇంకూ ఒకే నలుపు. ఎవరు ఏం రాశారో చెప్పుకోండి చూద్దాం.

తుమ్ముల_రామయ్య
సరే సార్, ఒప్పుకున్నా. కానీ ఆర్కైవ్స్‌లో (పాత రికార్డులు భద్రపరిచే చోట) పెడితే ఎవడైనా చదువుతాడుగా? మార్కులు, క్రమశిక్షణ చర్యలు, హాస్టల్ గొడవలు... మా నాన్న ఫైలు ఎవరో తిరగేస్తుంటే నాకు టెన్షనే.

తార్నాక_బస్సు
న్యాయమైన ప్రశ్న. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4 రికార్డులకి కేటలాగు, ఇండెక్సు ఉండాలంటుంది. సెక్షన్ 8(3) చూస్తే ఇరవై ఏళ్లు దాటిన సంగతులకి, సమాచారం ఇవ్వక్కర్లేదనే మినహాయింపులు చాలావరకు వర్తించవు. అంటే పాతబడేకొద్దీ తలుపు తెరుచుకుంటుంది. నాకు అదే మంచిదనిపిస్తుంది, కానీ వ్యక్తుల ఫైళ్లని మినిట్స్ నుంచి విడిగా పెట్టాలి, రెండూ ఒకే బీరువాలో కుక్కకూడదు. 1969 తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థులే ముందున్నారు. సభలు, కాల్పుల గురించి పేపర్లలో దొరుకుతుంది. ఆ రోజుల్లో సిండికేట్ లోపల ఏం తేల్చిందో పేపరువాడికేం తెలుసు?

వాల్తేరు_గాలి
మా ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై వాల్తేరుకొచ్చింది, రెండో ప్రపంచ యుద్ధంలో గుంటూరుకి పోయి మళ్లీ వచ్చింది. మనం అద్దె ఇల్లు మారితేనే రేషన్ కార్డు దొరకదు. అందుకే నా ఓటు స్టేట్ ఆర్కైవ్స్‌కి. ఉస్మానియాకైతే అది తార్నాకలో పక్కనే ఉంది, ఇచ్చేస్తే పోలా?

రిటైర్డ్_సూపరింటెండెంట్
ఇచ్చేస్తే మీ చేతులు దులుపుకున్నట్టే. రేపు పాత విద్యార్థి మైగ్రేషన్ తేదీ అడిగితే మీ సెక్షన్ క్లర్కు తార్నాక వెళ్తాడా? శాశ్వతమైనవి క్యాంపస్‌లోనే, కప్పు కారని ఒక గదిలో, మనిషిని పెట్టి ఉంచాలి. ముందు జాబితా, తర్వాత స్కాన్, తీసేయడం అన్నిటికన్నా ఆఖరున.

వాల్తేరు_గాలి
మనిషిని పెట్టేదుంటే ఈ గొడవే ఉండదు సార్. ఖాళీ పోస్టులు నింపరుగా.

తుమ్ముల_రామయ్య
కమిటీకి జాబితా ముందు అని రాస్తా. ఆ అతుక్కుపోయిన వరస సంగతేంటి? ఎండలో పెట్టమంటున్నారు.

తార్నాక_బస్సు
ఎండ వద్దు, చేత్తో లాగొద్దు. ఇంకా తడిగా ఉంటే నీడలో ఫ్యాను గాలికి పెట్టు. ఎండిపోయి అతుక్కుని ఉంటే కాగితాలు బాగుచేసేవాళ్లని పిలిచేదాకా అలాగే వదిలేయ్. ఫొటో ఒకటి పెట్టు, చూస్తాను.